కరకవలస ఇచ్చేది లేదు

వంశీకి నాగపూర్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాక మూడో ఆదివారం, వాడి సంస్థానం కరకవలసని పంచుకుందామని కూర్చున్నాం.

సంస్థానమంటే కాగితం మీదిదే. రైల్వే వ్యాగన్ వర్క్‌షాపువాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, ఉమేష్ వాళ్ళ క్వార్టర్ ముందు గదిలో, బల్ల మీద అతికించిన నాలుగు చార్టుల మీద ఉమేష్ గీసిన దేశం. నడుమ ఒక నది. మాలో ఒక్కొక్కరికి ఒక సంస్థానం, ఒక్కో సంస్థానంలో నాలుగు ఠాణాలు: కోట, సంత, గుడి, రేవు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కూర్చుంటే ఆటలో ఒక నెల గడుస్తుంది. పంట పండించుకోవాలి, జనాన్ని చూసుకోవాలి, పక్కవాడు మీదికొస్తే ఠాణాలు కాపాడుకోవాలి. అసలు ఆట ఒక ఇంగ్లీషు పుస్తకంలో ఉంది గానీ దాన్ని మేం ఎప్పుడో అటక మీద పడేశాం. మూడేళ్ళుగా దెబ్బలాడుకుని మాకు మేం చేసుకున్న రూల్స్ ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకుంటూ వచ్చాం. అట్ట మీద 'ఘర్ కే రూల్స్' అని హిందీలో ఉమేష్ దస్తూరీ.

అందులో ఏడో రూల్ ఇది. యజమాని వరసగా రెండు ఆదివారాలు బల్ల దగ్గర లేకపోతే అతని ఠాణాల్లో జనం మనసు లెక్కలోకి రాదు. మూడో ఆదివారం కూడా రాకపోతే పక్క సంస్థానాలవాళ్ళు పంచుకోవచ్చు.

పంచుకోవడానికి ఉన్నది ఇద్దరం, నేనూ శివాజీ. ఉమేష్ ఆట నడిపేవాడు, వాడికి సంస్థానం లేదు. శివాజీ ఉండేది కాలనీకి దూరంగా మందిర్ హసౌద్‌లో. అక్కడ వాళ్ళ నాన్నకి ఇనుప సామాను దుకాణం. మాలో పెద్ద దండు ఎప్పుడూ వాడిదే.

"కోట, సంత, రేవు నా సరిహద్దులో ఉన్నాయి. గుడి నవ్యకి దగ్గర," అన్నాడు శివాజీ పెన్సిలు తీస్తూ.

"మూడు నీకు, ఒకటి నాకా?" అన్నాను.

"మ్యాప్ అలా ఉంది. నేనేం చేయను?"

గుడి నాకెప్పటినుంచో కావాలి. ఇంకేం మాట్లాడలేదు.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి గొంతు వినబడింది. "కరకవలసని ఎవరూ పంచుకోవద్దు."

ఉమేష్ వాళ్ళమ్మ భ్రమరాంబత్త. చేతిలో టీ గ్లాసుల పళ్ళెం. పంతొమ్మిదేళ్ళప్పుడు పాలకొండ వైపు నుంచి పెళ్ళయి ఈ కాలనీకి వచ్చింది. భర్త రామయ్య మామయ్య వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. మా నాన్నా అక్కడే కావడంతో చిన్నప్పటినుంచి మా రెండిళ్ళకీ రాకపోకలు. మూడేళ్ళుగా మేం ముందు గదిలో ఆడుతుంటే అత్త వంటింట్లో ఏదో ఒకటి వేయిస్తూ ఉండేది. ఆవిడ వింటోందని మాలో ఎవరికీ తట్టలేదు.

"వంశీ వెళ్ళిపోయాడమ్మా," అన్నాడు ఉమేష్.

"తెలుసు. నేను ఆడతాను."

శివాజీ నవ్వాడు. వెక్కిరింతగా కాదు, ఆశ్చర్యంతోనే. "ఆంటీ, ఇది అష్టాచెమ్మా కాదు."

"అష్టాచెమ్మా అని నేనన్నానా? కరకవలస అనే పేరు ఎవరు పెట్టారు? మొదటి రోజున వంశీకి పేరు దొరక్క బుర్ర గోక్కుంటుంటే లోపల్నుంచి చెప్పింది నేను. కరువు నెలలో గాదె తెరవమని చెప్పింది ఎవరు? నేను. వాడు తెరిచాడు. ఊరు నిలబడింది. మూడేళ్ళు చూసుకున్న ఊరిని మీకు ముక్కలు కోసి ఇచ్చేస్తానా?"

అత్త పళ్ళెం బల్ల పక్కన పెట్టి, వంశీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఉమేష్ మొహం ఎర్రబడింది. ఇరవై ఆరేళ్ళవాడు. సిల్తరాలో ఒక కంపెనీ ఆఫీసులో పదిమంది మీద పెత్తనం చేస్తాడు. ఇప్పుడేం చేయాలో తెలియక ఎర్ర పుస్తకం తిరగేస్తున్నాడు. కొత్తవాళ్ళు ఆటలో చేరకూడదని అందులో ఎక్కడా లేదు.

"సరే, ఆడనీ యార్," అన్నాడు శివాజీ. "ఇవాళే దండయాత్ర చెబుతున్నా. వచ్చే ఆదివారం కరకవలస మీదికి నా దండు." దాడికి ఒక వారం ముందు చెప్పి తీరాలని మా రూల్. అందుకే వాడు ముందే చెప్పేశాడు. "రాసుకో ఉమేష్. జనం మనసు సున్నా. ఏడో రూల్."

దీని సంగతి కొంచెం చెప్పాలి. ఒక ఠాణా బలం మూడింటితో లెక్క: గోడ, సైనికులు, జనం మనసు. దాడి చేసేవాడు ఇరవై ముఖాల పాచిక వేసి, పడినదానికి తన దండు బలం కలుపుతాడు. అది ఠాణా బలాన్ని దాటితే ఠాణా వాడిది. కరకవలసకి గోడలు తక్కువ, సైనికులు తక్కువ. జనం మనసే ఎక్కువ. అది తీసేస్తే బలం సగానికి సగం పడిపోతుంది.

"సున్నా ఎలా అవుద్ది?" అంది అత్త. "రెండేళ్ళ కిందట నవ్యకి పరీక్షలని మూడు ఆదివారాలు రాలేదు. శివాజీ దాని గుడి మీదికెళ్ళాడు. అప్పుడు ఉమేష్ ఏటన్నాడు? 'కరువులో గాదె తెరిచిన చోట యజమాని ఉన్నా లేకున్నా జనం నిలబడతారు' అన్నాడు. గుడి దక్కింది. కరకవలసలోనూ గాదె తెరిచారు. మరి ఈ జనం ఎక్కడికి పోయారు?"

శివాజీ పెన్సిలు కింద పెట్టాడు.

"అది పుస్తకంలో ఉందా?" అన్నాడు శివాజీ.

ఉమేష్ పేజీలు తిప్పాడు. లేదు. ఆ రోజు నోటితో అన్నదే, ఎవరం రాసుకోలేదు. వాడు తలెత్తి నా వైపు చూశాడు. "నవ్యా, నీకు గుర్తుందా?"

నాకు గుర్తుంది. పరీక్షలయ్యాక వచ్చి గుడి దక్కిందని తెలిసి ఈ గదిలోనే ఎగిరి గంతేశాను. కానీ కరకవలస పడిపోతే అందులో గుడి నాది. శివాజీ అప్పుడే చెప్పేశాడు కదా.

"సరిగ్గా గుర్తులేదు," అన్నాను.

అత్త నన్ను చూసింది. ఆ చూపు తిట్టినదానికన్నా ఎక్కువైంది.

"రాసి లేదు. లెక్కలోకి రాదు," అన్నాడు ఉమేష్ పుస్తకం మూస్తూ. తల్లి వైపు చూడలేదు.

"సరే," అంది అత్త. "సగం బలంతోనే ఆడతాను. కరకవలస మాత్రం ఇచ్చేది లేదు."

* * *

బుధవారం సాయంత్రం ల్యాబ్ నుంచి వస్తూ వాళ్ళింటికి వెళ్ళాను. అత్త వెనక వాకిట్లో బఠానీలు ఒలుస్తోంది. మామయ్య పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పులకి పాలిష్ పెడుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే, లోపల్నుంచి ఉమేష్ వచ్చాడు. నేనున్నానని కూడా చూసుకోలేదు.

"అమ్మా, ఆదివారం నేను అలా అనకుండా ఉండాల్సింది."

అత్త బఠానీలు ఆపలేదు. "నువ్వు ఆ రోజు ఆ మాట అన్నావా, లేదా?"

"అన్నాను."

"గుర్తుండే లేదన్నావా?"

"గుర్తుండే."

"ఎందుకు?"

వాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నువ్వు మా అమ్మవి గనక. నీ పక్షాన చెబితే శివాజీ ఏమంటాడు? అమ్మ కోసం రూల్ పుట్టించాడంటాడు."

"అదే శివాజీ అడిగుంటే?"

ఉమేష్ గోడ మీది సున్నం గోరుతో గీకాడు.

"ఒప్పుకునేవాడివి," అంది అత్త. "నన్ను గెలిపించమని నేను అడగలేదురా. జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను. అమ్మనైనందుకు ఎక్కువ ఇవ్వకు, బాగానే ఉంది. అమ్మనైనందుకు తక్కువ ఇస్తావా?"

మామయ్య పాలిష్ బ్రష్ కింద పెట్టాడు. "పిల్లల ఆట మీద ఇంత గొడవేటే?" అన్నాడు.

"నేనూ ఆడుతున్నాను కదా. ఇంక పిల్లల ఆట ఎలా అవుద్ది?"

అప్పుడు నేను లోపలికి వచ్చాను. "అత్తా, నాకూ గుర్తుంది. అబద్ధం చెప్పాను. గుడి వస్తుందని."

అత్త నాకు పీట జరిపింది. బఠానీల చేట మా ఇద్దరి మధ్య పెట్టింది. నేనూ ఒలవడం మొదలుపెట్టాను.

"ఆదివారం రాగానే శివాజీకి చెప్పేస్తాను. జనం మనసు కలిపి లెక్కేద్దాం," అన్నాడు ఉమేష్.

"వద్దు," అంది అత్త.

"అదేంటి? నువ్వేగా అడిగావు?"

"అడిగినప్పుడు ఇవ్వలేదు. ఇప్పుడు మారిస్తే ఏమంటారు? అందరూ వెళ్ళాక అమ్మ ఏడిచింది, కొడుకు మార్చాడు అంటారు. శివాజీ దండు కదిలిందే ఆ లెక్క మీద. మధ్యలో మారిస్తే అది వాడికి అన్యాయం. ఈ దండయాత్ర ఇలాగే కానీ. అయ్యాక మార్చండి, అందరికీ మార్చండి."

"ఓడిపోతావమ్మా. లెక్క చూస్తే తెలుస్తోంది."

"నీ లెక్క నువ్వు చూసుకో," అంది అత్త. ఒక బఠానీ గింజ నోట్లో వేసుకుంది. "నాకు సగం బలం ఉంది. సున్నా కాదు."

* * *

ఆదివారం శివాజీ పావుగంట ముందే వచ్చాడు. వస్తూనే ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. వంశీ నాగపూర్ నుంచి పంపిన మెసేజ్: 'కరకవలస మొత్తం శివాజీకి ఇచ్చేస్తున్నాను. ఎంజాయ్.'

"లడాయి అక్కర్లేదు ఆంటీ," అన్నాడు. "యజమానే ఇచ్చేశాడు."

అత్త ఫోన్ వైపు చూడలేదు. "పదకొండో రూల్ చదువు, ఉమేష్."

ఉమేష్ పుస్తకం తీశాడు. 'ఠాణా ఇంకొకరికి ఇవ్వాలంటే ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఇద్దరూ బల్ల దగ్గర ఉండి చెప్పాలి.' అది శివాజీ దస్తూరీనే. ఏడాది కిందట వంశీ, నేనూ ఫోన్లో మాట్లాడుకుని ఒక రేవు మార్చుకున్నామని వీడే గోల చేసి రాయించాడు.

శివాజీ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నాగపూర్‌లో కూర్చుని వాడు ఇచ్చేస్తే, ఇక్కడ ఉన్నవాళ్ళం ఊరుకోవాలా?" అంది అత్త. "చలో, చీటీలు తియ్యండి."

నెల మొదట్లో ఎవరేం చేస్తారో చీటీ మీద రాసి, మడిచి, స్టీలు డబ్బాలో వేయాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. తరవాత ఉమేష్ ఒక్కొక్కటే తీసి చదువుతాడు. ఆ రోజు టీ పెట్టింది రామయ్య మామయ్య. అల్లం ఎంత వేశాడంటే మొదటి గుటకకే నా కళ్ళల్లో నీళ్ళు. అయినా అందరం తాగేశాం.

ఉమేష్ శివాజీ చీటీ చదివాడు. "దండు మొత్తం కోట మీదికి. దారిలో సంత పట్టుకుని, అక్కడి ధాన్యం దండుకి."

వాడి ఆలోచన మంచిదే. సొంత సరిహద్దు దాటిన దండుకి తిండి కావాలి. తిండి లేకపోతే మర్నెల బలం సగమైపోతుంది. అందుకే వాడు మోతకి బళ్ళు పెట్టకుండా, ఆ బళ్ళ బదులు ఇంకో వంద మందిని తెచ్చుకున్నాడు. దండు బలం పన్నెండు.

తరవాత అత్త చీటీ. ఉమేష్ విప్పి చూసి, ఒక్క క్షణం ఆగి, చదివాడు. "సంత ఖాళీ. గుడి ఖాళీ. జనం, గొడ్లు, గింజలు అన్నీ రేవుకి. కోటలో ముప్ఫై మంది ఉండి మిగిలిన సైనికులూ రేవుకే."

శివాజీ ముందుకి వంగాడు. "కోట వదిలేశారా?"

"ఒగ్గేయలేదు. ముప్ఫై మంది ఉన్నారు కదా."

కోట బలం పద్నాలుగుకి పడిపోయింది. శివాజీ పాచిక వేశాడు. తొమ్మిది. పన్నెండు కలిపితే ఇరవై ఒకటి. కోట వాడిదైంది. సంత, గుడి ఎవరూ లేకుండానే వాడి చేతికొచ్చాయి. వాడు పెన్సిలుతో మూడు ఠాణాల మీదా తన గుర్తు వేసుకున్నాడు. కానీ సంతలో గింజ లేదు. గాదె ఖాళీ అని ఉమేష్ రాసుకుంటుంటే శివాజీ దవడ బిగుసుకోవడం నాకు కనిపించింది.

"ఆంటీ," అన్నాడు మర్యాదగానే, "ఇంక రేవు ఒక్కటే ఉంది. తొమ్మిదో రూల్ ప్రకారం లొంగిపోతే సైనికుల్లో సగం మీకే వదిలేస్తాను. రేవు కూడా మీరే చూసుకోండి, నా కింద. మీరు బాగా ఆడారు. ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు."

నేనూ, శివాజీ, వంశీ ముగ్గురం ఇన్నాళ్ళ ఆటలో అలా లొంగిపోయినవాళ్ళమే. లెక్క చూసుకుంటాం, ఓడిపోతామని తెలుస్తుంది, సగమైనా మిగులుతుందని ఒప్పేసుకుంటాం. శివాజీ కింద నేనే రెండుసార్లు ఉన్నాను. ఆ రూల్ పెట్టుకున్నాక ఒక ఠాణా కోసం చివరిదాకా ఆడినవాళ్ళు లేరు.

"నీ కింద ఎందుకుంటాను?" అంది అత్త. "ఈ క్వార్టర్ రైల్వేవాళ్ళు ఇచ్చారు. దీనికి ముందుదీ వాళ్ళు ఇచ్చిందే, ఖాళీ చెయ్యమన్న రోజున జామచెట్టు ఒగ్గేసి వచ్చాను. సున్నం ఏ రంగు వెయ్యాలో కూడా వాళ్ళే చెబుతారు. ఎవరో ఇస్తే ఉండడం నాకు బాగా అలవాటే, బాబూ. ఇక్కడ కూడా అలాగే ఉండాలంటే ఈ కుర్చీలో కూర్చోవడం దేనికి?"

"వచ్చే వారం రేవు కూడా పోతుంది."

"పోతే పోనీ. నువ్వు తీసుకుంటే పోవాలి. నా చేత్తో ఇవ్వను."

* * *

ఆ వారం కాలనీలో సగం మందికి ఈ సంగతి తెలిసిపోయింది. మామయ్య వర్క్‌షాపులో చెప్పాడట. మా నాన్న అన్నం తింటూ నన్నడిగాడు, "రేవు ఉంటుందా, పోతుందా?" అని. నాన్నకి ఆ ఆట ఏమిటో కూడా తెలియదు.

ఆదివారం వాన. శివాజీ మందిర్ హసౌద్ నుంచి బైకు మీద తడిసి ముద్దయి వచ్చాడు. అత్త తువ్వాలు ఇచ్చి, తల తుడుచుకునేదాకా ఆగి, అప్పుడు కూర్చుంది.

ఆట మొదలవకముందే నేను లేచి నిలబడ్డాను. వారమంతా మనసులో అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నాకు ఒకటి చెప్పాలని ఉంది. రెండేళ్ళ కిందట ఉమేష్ అన్న మాట నాకు గుర్తుంది. మొన్న గుర్తులేదని అబద్ధం చెప్పాను. గుడి కోసం."

"నాకూ గుర్తుంది," అన్నాడు ఉమేష్. "ఆట నడిపేవాణ్ణి, నేనే తప్పు చెప్పాను. జనం మనసు లెక్కలో ఉండాల్సింది."

శివాజీ తువ్వాలు విసిరేశాడు. "ఓహో. ఇప్పుడా? నా దండు రేవు ముందు నిలబడ్డాక ఇప్పుడు మారుస్తారా? తల్లీ కొడుకులు ఒకటైతే ఇంక నేను ఆడడం దేనికి?"

"కూర్చో," అంది అత్త. గొంతు పెంచలేదు. "ఎవరూ మార్చడం లేదు. ఈ దండయాత్ర మొదలైన లెక్క మీదే పూర్తవుద్ది. జనం మనసు సున్నా. పాచిక తీసుకో."

వాడు అత్త మొహంలోకి చూశాడు. నిజంగానే అంటోందని నమ్మకం కుదరడానికి కొంతసేపు పట్టింది. తరవాత కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

ఉమేష్ లెక్క చెప్పాడు. రేవుకి గోడ లేదు. ఉన్న సైనికులంతా అక్కడే, బలం పద్దెనిమిది. శివాజీ దండు నెల రోజులుగా ఖాళీ కోటలో తిండి లేకుండా ఉంది, పన్నెండు కాస్తా ఆరైంది. పద్దెనిమిదిని దాటాలంటే పాచిక మీద పదమూడైనా పడాలి. ఒక నెలలో దాడి రెండుసార్లు చేయొచ్చు. రెండింట్లో ఒక్కసారి పడితే చాలు. పడకపోతే తిండి లేని దండు వెనక్కి పోవాలి.

మామయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఖాళీ టీ గిన్నె. కూర్చోమంటే తల అడ్డంగా ఊపాడు.

శివాజీ మొదటిసారి వేశాడు. ఎనిమిది.

వాడు పాచికని తీసి అరచేతిలో బాగా కదిపాడు. అత్త రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ఆ చార్టు మీద నీలం రంగు వేసిన రేవునే చూస్తోంది. బొటనవేలు మాత్రం చార్టు అంచుని అదే పనిగా గీకుతోంది. అంతకుముందు వారం అంత ధీమాగా మాట్లాడిన మనిషికి భయం ఉంటుందని నేను అనుకోలేదు. భయపడుతూనే కూర్చుందన్నమాట.

రెండోసారి పాచిక బల్ల చివరిదాకా దొర్లి, ఎర్ర పుస్తకానికి తగిలి ఆగింది.

పన్నెండు.

"పన్నెండు, ఆరు. పద్దెనిమిది," అన్నాడు శివాజీ. "సమానం."

"సమానమైతే ఠాణా కాపాడేవాళ్ళదే," అన్నాడు ఉమేష్. ఆ మాటకి పుస్తకం విప్పనక్కర్లేదు. అది మొదటి పేజీలో ఉన్న మొదటి రూల్.

మామయ్య చేతిలో గిన్నె కింద పడింది. నేను అత్తని వెనకనుంచి పట్టుకుని ఊపేశాను. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. ఉమేష్ మాత్రం పెన్నుతో లెక్క రాసుకుంటూ కూర్చున్నాడు. వాడి కళ్ళజోడు కింద తడి నేను చూశాను. చూడనట్టు ఉన్నాను.

శివాజీ దండు సంత, గుడి వదిలేసి సరిహద్దు దాటి వెనక్కి పోయింది. కోటలో మాత్రం యాభై మందిని ఉంచి పోయాడు, రూల్ ప్రకారం అది వాడి హక్కు. తల తుడుచుకున్న తువ్వాలు మడిచి కుర్చీ మీద పెట్టి, "వస్తాను ఆంటీ," అని వానలోనే వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదు.

వాడు వెళ్ళాక ఏడో రూల్ కొట్టేసి కొత్తది రాశాం. అత్త చెబుతుంటే నేను రాశాను, తెలుగులో. 'యజమాని బల్ల దగ్గర ఉన్నా లేకున్నా, కరువులో గాదె తెరిచిన ఊరి జనం ఆ ఊరి కోసం నిలబడతారు. వాళ్ళ మనసు లెక్కలో ఉంటుంది. యజమాని లేని సంస్థానాన్ని పంచుకోకూడదు. ఆడతామని ఎవరు వచ్చినా ఇవ్వాలి.' కింద ముగ్గురం సంతకాలు పెట్టాం. శివాజీ సంతకానికి చోటు వదిలాం.

* * *

తరవాతి ఆదివారం శివాజీ రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. దుకాణంలో పని ఎక్కువగా ఉందని ఉమేష్‌కి ఒక మెసేజ్ పెట్టాడు, అంతే.

"అత్తా, ఇదే సమయం," అన్నాను. "వాడి దండు ఇంకా సగం బలంలోనే ఉంది. మనిద్దరం కలిసి వెళితే కోట తిరిగి వచ్చేస్తుంది. వాడి సంత కూడా."

"వాడి ఊళ్ళలో గాదె తెరిచాడా, కరువులో?"

నాకు గుర్తులేదు. ఈసారి నిజంగానే. ఉమేష్ పాత పేజీలు వెతికాడు. "తెరిచాడు. రెండు చోట్ల."

"అయితే ఆ జనం వాడు లేకపోయినా నిలబడతారు. మనమే రాశాం."

"నిలబడినా మనమే గెలుస్తాం. బలం చూడు."

"గెలుస్తాం," అంది అత్త. "వాడు లేకుండా వాడి కోట మీదికి వెళ్ళి గెలుస్తాం. నాకు అలాంటి కోట వద్దు. నా ఊరి మీదికి వచ్చినప్పుడు వాడు ఎదురుగా కూర్చుని పాచిక వేశాడు."

అత్త ఉమేష్ ఫోన్ తీసుకుని తనే శివాజీ నంబరు నొక్కింది. ఏమనుకున్నాడో ఏమో, ఈసారి ఎత్తాడు. అత్త స్పీకర్ పెట్టింది.

"ఏంటి ఉమేష్?"

"ఉమేష్ కాదు. నేను."

అవతల ఇనుప రాడ్లు దింపుతున్న చప్పుడు.

"చెప్పండి ఆంటీ."

"నా కోటలో నీ యాభై మంది ఉన్నారు. వాళ్ళని నేను తోసేయాలి. వచ్చే ఆదివారం దండయాత్ర, ఇప్పుడే చెబుతున్నాను, రాసుకో. నువ్వు లేకుండా మాత్రం రాను. నువ్వు వచ్చేదాకా ఎన్ని ఆదివారాలైనా ఆగుతాను. కానీ ఒగ్గేస్తానని మాత్రం అనుకోకు."

అవతల ఒక రాడ్డు ఖంగున పడింది.

"కొత్త రూల్ ఏదో రాశారట?" అన్నాడు శివాజీ. "నన్నడక్కుండా?"

"నీ సంతకానికి చోటు ఉంది. నచ్చకపోతే వచ్చి దెబ్బలాడు. ఇంట్లో కూర్చుంటే ఎవరు వింటారు?"

వాడు ఎవరితోనో హిందీలో లారీ వెనక్కి తీయమని అరిచాడు. తరవాత మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చాడు.

"ముందు నా కోటలో గాదె నింపుకుంటాను ఆంటీ. ఈసారి ఆకలితో చావరు నా వాళ్ళు."

"చూద్దాం," అంది అత్త. "మూడింటికి రా. ఆలస్యం చేయకు."